కాలువల పట్టణము: బెజవాడను గూర్చిన కొన్ని వింతలు

భూగోళశాస్త్రమును చదువు బాలబాలికలకు వెనిసు పట్టణము పేరు క్రొత్తది కాదు. ఇటలీ దేశమున, సముద్రపు కయ్యలో, నూటికి మించిన చిన్న దీవులమీద కట్టబడి, వీధులకు మారుగా కాలువలును, బండ్లకు మారుగా పడవలును గల యా పట్టణమును గూర్చి పాఠ్యపుస్తకములలో చదివి మన విద్యార్థులు ఆశ్చర్యపడుట మేమెఱుగుదుము. అయితే కాలువల పట్టణము చూచుటకు సముద్రములు దాట నక్కఱలేదు. మన తెలుగుదేశముననే అట్టిది యొకటి గలదు. అది బెజవాడ, అనగా నేటి విజయవాడ.

మన పామూరు సీమ మెట్టసీమ. చెఱువు నిండిన యేడు పంట, నిండనియేడు వలస. ఇట్టి సీమవారికి కాలువల పట్టణముతో నేమి పని యని తలిదండ్రులలో కొంద ఱడుగవచ్చును. పని కలదు. ఆ పట్టణమునుండి బయలుదేరిన నీటిబాటలో కొంతభాగమును త్రవ్వినవారు మన ప్రాంతపు పూర్వులే. ఆ సంగతికి వచ్చుటకు ముందు ఆ పట్టణపు వింతలను క్రమముగా చెప్పుదుము.

మొదటి వింత యేమనగా, బెజవాడ కాలువలు బెజవాడకొఱకు త్రవ్వబడినవి కావు. వెనిసువారు తమ రాకపోకలకొఱకును తమ వర్తకముకొఱకును కాలువలను బాగుచేసికొనిరి. బెజవాడలోనో, నీరు పట్టణము గుండ పోవుచున్నదేగాని పట్టణముకొఱకు వచ్చినది కాదు. అచ్చట కృష్ణానదికి ఉత్తరపుటొడ్డున కనకదుర్గ గుడి గల యింద్రకీలాద్రియు, దక్షిణపుటొడ్డున సీతానగరము కొండయు నెదురెదురుగా నిలిచియున్నవి. మైళ్ల వెడల్పున పారుచు వచ్చిన నది యా రెండు కొండల నడుమ ముప్పాతిక మైలు వెడల్పునకు ఇరుకుపడును. కొండకు బెజ్జము చేసికొని కృష్ణ పారినందున బెజ్జవాడ యను పేరు వచ్చినదని జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. కథ మాట యెట్లున్నను, ఇంజనీరుల కన్నులకు ఆ యిరుకు చోటు వరముగా కనబడెను. నది వెడల్పు తక్కువ. కట్టుటకు వలసిన రాయి రెండు ప్రక్కల కొండలలో సిద్ధముగా నున్నది. దిగువనంతయు సముద్రమువఱకు నల్లరేగడి మైదానము. కావున అచ్చటనే ఆనకట్ట కట్టబడెను. ఆనకట్ట యెడమ ప్రక్కనుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ బయలుదేరి పట్టణమును చీల్చుకొనుచు పోయినవి. వాని నడుమ మిగిలిన నేలలమీద పేటలు పెరిగినవి. పట్టణము కాలువలను చేయలేదు. కాలువలే పట్టణమును చేసినవి.

ఆనకట్ట కట్టుటకు కారణము శోకకరమైనది. క్రీ. శ. 1832-33 సంవత్సరములలో నందన కరవు వచ్చెను. గుంటూరు జిల్లాలో నాడున్న యయిదు లక్షల జనులలో ఇంచుమించు రెండు లక్షలమంది చనిపోయిరని లెక్కలు చెప్పుచున్నవి. కృష్ణ నిండుగా సముద్రములో కలియుచుండగనే దాని యొడ్డున జనులు తిండి లేక చచ్చిరి. పదునెనిమిదవ శతాబ్దపు చివరనుండియే కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను తలంపు కాగితములమీద నుండెను. తుదకు సర్ ఆర్థరు కాటను దొరవారి ప్రోత్సాహమున, కెప్టెను ఓర్ గారి పర్యవేక్షణమున, 1852లో పని మొదలై 1855లో ముగిసెను.

రెండవ వింత నేలయొక్క వాలును గూర్చినది. నది యెల్లప్పుడు పల్లములో పారుననియు, దాని కిరుప్రక్కల నేల మెరకగా నుండుననియు మన వాగులను చూచి మన మనుకొందుము. డెల్టాలో సంగతి తారుమారు. వరద వచ్చినప్పుడెల్ల నది గట్టుపొర్లి, తాను తెచ్చిన యొండ్రును మొదట గట్టుదాపుననే పడవేయును. వేలయేండ్లు ఇట్లు జరుగగా నదికి దగ్గఱ నేల యెత్తై, దూరపు నేల పల్లమై పోవును. అనగా డెల్టాలో నది యొక మెరకమీద ప్రయాణము చేయుచున్నది. నదిమట్టమును కొద్దిగా పైకెత్తి, మెరకవెంట కాలువ త్రవ్వితిమా, యే యంత్రమును లేకుండ నీరు తన బరువుచేతనే పొలములకు దిగిపోవును. కాటను దొరవారి నేర్పంతయు ఈ చిన్న సంగతిని గుర్తించుటలో నున్నది.

కావున ఆ యానకట్ట నీటిని గొప్పగా దాచుటకు కట్టినది కాదు. నీటిమట్టము నెత్తుటకు కట్టినది. నది యడుగున రాతిపాదు లేక లోతైన యిసుకయే యున్నను, ఆ యిసుకమీదనే రాతి కట్టడమును నిలిపిరి. ఇసుకమీద కట్టుట బుద్ధిహీనుని పని యని వేదపాఠములో నేర్చుకొనిన మన విద్యార్థులకు ఇది విడ్డూరముగా తోచవచ్చును. అయితే ఈ విద్య విదేశములనుండి వచ్చినది కాదు. కావేరినదిమీద పూర్వపు చోళరాజులు కట్టించిన కల్లణను పరిశీలించి, ఇసుకలో పునాది వేయు విధమును మన దేశపు పనివారివలననే నేర్చుకొంటినని కాటను దొరవారు ఒప్పుకొనిరి. ఆ కట్టడము దాదాపు నూఱేండ్లు నిలిచి 1952లో గండిపడెను. దాని స్థానమున 1954లో మొదలుపెట్టి 1957లో ముగించిన బ్యారేజి నేడు గలదు. పొడవు 1223 మీటర్లు, తలుపులు 70. దానికి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడెను. పంతులుగారు ఒంగోలు దాపున వినోదరాయునిపాలెమున 1872లో జన్మించినవారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరే ఇడబడెను. బెజవాడ వంతెనకును ఆ జిల్లాకును పేరు ఒక్కటే యగుట యిట్లు కలిగినది. ఇప్పు డా బ్యారేజి క్రింద సాగగల నేల ఇంచుమించు 13 లక్షల యెకరములు.

మూడవ వింత పడవలు మెట్లు దిగుట. కాలువ వాలుగా పోవునుగదా. వాలు ఎక్కువైనచోట నీరు వేగముగా పరుగెత్తి గట్టును కోయును, పడవ నిలువదు. అందుచేత అచ్చటచ్చట లాకులు కట్టిరి. లాకు అనగా రెండు జతల తలుపుల నడుమనున్న రాతితొట్టి వంటిది. దిగువకు పోవు పడవ తొట్టిలో ప్రవేశించిన పిమ్మట వెనుక తలుపులు మూసి, ముందు తలుపులలోని చిన్న తూములగుండ నీరు మెల్లగా విడుతురు. నీటితో కూడ పడవయు దిగును. మట్టము సమానమైనప్పుడు ముందు తలుపులు తెఱచుకొనును. ఎగువకు పోవు పడవకు ఇదియే పని వెనుకముందుగా జరుగును. గాలి యున్నచో తెరచాప, లేనిచో గట్టుమీద నడచుచు త్రాటితో లాగు మనుష్యులు. ఇంతకు మించిన యంత్రము లేకయే వందల బస్తాల ధాన్యము ఒక పడవలో సాగిపోవుచుండెను.

నాలుగవ వింత ఆ పడవలు పోవు దూరము. ఏలూరు కాలువ ఏలూరువద్ద గోదావరి కాలువతో కలియును. గోదావరికి ధవళేశ్వరమువద్ద 1852 నాటికే ఆనకట్ట యేర్పడినందున అటునుండి కాకినాడవఱకు నీటిబాట దొరకెను. దక్షిణమున, సీతానగరముప్రక్కనుండి బయలుదేరిన కాలువలో కొమ్మమూరు కాలువ యను శాఖ పెదగంజామువఱకు పోవును. అచ్చటినుండి సముద్రతీరము వెంబడి మదరాసుకును, దానికి దక్షిణముగా మరక్కాణమువఱకును బకింగుహాము కాలువ గలదు. ఇది 1806లో కాక్రేన్ అను వర్తకుడు మదరాసునకు ఉత్తరమున త్రవ్వించిన చిన్న కాలువతో మొదలై, కొంచెము కొంచెముగా పెరిగి, 1878లో నాటి గవర్నరగు బకింగుహాము ప్రభువు పేరు పొందెను. పెదగంజామునుండి మరక్కాణమునకు దాని పొడవు 420 కిలోమీటర్లు. ఇట్లు కాకినాడలో పడవ యెక్కినవాడు బెజవాడమీదుగా మదరాసును దాటి పోగలిగెను. బియ్యము, ఉప్పు, వంటచెఱకు ఈ బాటనే నడచెను. కృష్ణమీద రైలు వంతెన 1893లో ముగిసినపిమ్మట పడవలకు పోటీ కలిగినను, అవి వెంటనే మానలేదు. 1965, 1966 సంవత్సరముల గాలివానలును, 1976 నాటి తుపానును బకింగుహాము కాలువను పాడుచేయగా నా బాట మూతబడెను.

ఇక అయిదవ వింతకు వచ్చితిమి. ఇది మన సీమకు సంబంధించినది గనుక కొంచెము విపులముగా వ్రాయుదుము.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ధాత కరవు వచ్చెను. వానలు వరుసగా తప్పెను. దేశమంతట యాబది లక్షలకు మించిన జనులు చనిపోయిరి. కరవు వెంట వాంతిభేదియు వచ్చెను. నాడు మన ప్రాంతము నెల్లూరు జిల్లాలోనిది. బకింగుహాము కాలువలో నెల్లూరుకు ఉత్తరభాగము ఇంకను త్రవ్వవలసి యుండెను. కూలి యిచ్చి ప్రజలను బ్రదికించుటకు అది తగిన పని యని ప్రభుత్వము తలచి, పనిని భాగములుగా పంచి యిచ్చెను.

అప్పుడు ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషను పెద్దగా నుండినవారు డాక్టరు క్లౌ దొరగారు. వారు 1866లో ఒంగోలు చేరిరి. పడుచుతనమున తమ దేశములో భూమి కొలుచు సర్వేపని చేసినవారు. నేలమట్టము, కొలత, మట్టిలెక్క వారికి తెలియును. వారు కాలువలో మూడుమైళ్లకు పైబడిన భాగమును తామే గుత్తకు తీసికొనిరి. లాభమునకు కాదు. ఇతర గుత్తదారుల చోట్ల మేస్త్రీలు బీదలను తిట్టి కొట్టి, కూలిలో కోత కోయుచుండగా, తమ వద్దకు వచ్చినవారికి ఆ బాధ లేకుండుటకే. ఒంగోలు చుట్టుప్రక్కలనుండియేగాక పడమటి తాలూకాల పల్లెలనుండియు జనులు నడిచి వచ్చిరి. వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. తోలుపని యెఱిగినవారేగాని త్రవ్వుడుపని యెఱిగినవారు కారు. ఇతర కులములవారును వచ్చిరి. ఆకలి యందఱిని ఒక్క గుంటలో నిలువబెట్టెను. పల్లెలలో బోధించుచుండిన బోధకులే అచ్చట మేస్త్రీలైరి. పగలు కొలత కొలిచి కూలి లెక్కించుట, సాయంకాలము అలసినవారిచెంత కూర్చుండి మాటలాడుట వారి పని. బలముగలవారు గడ్డపార పట్టిరి. స్త్రీలు తట్టల నెత్తిరి. ముసలివారు సయితము తమ చేతనైనది చేసిరి.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి గలదు. ఆ కరవు పని జరిగినంతకాలము, ఒక యేడాదికి పైగా, క్లౌ దొరగారు ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. అడిగినవారు అనేకులుండినను ఆపిరి. అన్నముకొఱకు మతము మారినవారను మాట యెవరికిని రాకూడదని వారి యుద్దేశము. కరవు తగ్గి, పని ముగిసి, ఇచ్చుటకు కూలియు లేనప్పుడు, జనులు తమంతట తామే వచ్చిరి. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లివద్ద 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులు వేసికొని ఆ పని నెరవేర్చిరి. ఈ తేదీని మన సంఘములవారు మఱచినవారు కారు. అయితే దానికి ముందు కాలువగట్టున గడచిన నెలలను మఱచినవా రనేకులు.

మఱియొక సంగతి. ఆ కాలువ తీరము వెంబడి పోవు ఉప్పునీటి కాలువ. అది పడవలకేగాని పైరులకు పనికిరాదు. త్రవ్వినవారి పొలములకు దానినుండి చుక్కయు పారలేదు. పనికి కూలి దొరకెను, ప్రాణము నిలిచెను. అయితే ఇండ్లకు తిరిగి వచ్చినప్పుడు వారి నేల మునుపటి మెట్టనేలగానే యుండెను. కాలువల చరిత్రలో ఆనకట్ట కట్టించిన దొరల పేర్లు రాతిమీద చెక్కబడినవి. మట్టి మోసినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు. మన పాఠశాలలలో చదువు బిడ్డలలో ఎందఱి పూర్వులు ఆ తట్టలు మోసిరో యెవరు చెప్పగలరు?

ఆఱవ వింత బుడమేరు. మైలవరపు కొండలలో పుట్టి కొల్లేరుకు పోవు ఏరిది. ఎనికెపాడువద్ద ఈ యేరు కాలువల అడుగుగా సొరంగములో దూరి ఆవలకు పోవును. పైన మనుష్యుడు త్రవ్విన కాలువ, క్రింద దేవుడు చేసిన యేరు. ఇట్టి సామాన్యపు ఏరు నెవరు లెక్కచేయుదురు? దాని పల్లములలో పేటలు వెలసినవి. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదట కృష్ణలో బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. అంతటి వరదను బ్యారేజి దాటించెను. పట్టణములో సింగునగరము మొదలగు పేటలను దినములకొలది ముంచినది ఆ మహానది కాదు, గండిపడిన బుడమేరే. చిన్నదాని నలక్ష్యము చేయువాడు పెద్దదానిని గెలిచియు ఓడునని దీనివలన నేర్చుకొనవలెను.

ఏడవ వింత నీటి నడుమ దాహము. వెనిసు పట్టణమున ఇంటింటి ముంగిట నీరే. అయితే అది ఉప్పునీరు. అందుచేత వారు శతాబ్దములపాటు వాననీటిని త్రాగిరి. ముంగిళ్లలోను మైదానములలోను నేల త్రవ్వి, బంకమన్నుతో మెత్తి, ఇసుక నింపి, నడుమ బావి కట్టుదురు. వాన నీరు ఇసుకలో వడిసి బావిలో చేరును. ఇట్టి బావులు వేలకొలది యుండెను. 1884లో గొట్టములద్వారా మంచినీరు వచ్చువఱకు ఆ కాలువల పట్టణపు ప్రాణము వానచుక్కమీద నాధారపడెను. బెజవాడ కాలువలది మంచినీరే. అయినను పేటల చెత్తయు మురుగును కలియుటచేత పలుచోట్ల అది చేతితో ముట్టుకొనుటకును తగని దాయెను. కాలువ యున్నంతమాత్రమున నీరుండదు. కాపాడినప్పుడే అది నీరు, కాపాడనప్పుడు మురుగు. వాననీటిని దాచుకొనుట చేతకానివారికి సముద్రము నడుమనున్నను దప్పి తీరదు. మెట్టసీమలోని మన కీ పాఠము వెనిసువారు నేర్పుచున్నారు.

కడపటి వింత నేటిది. ఇప్పుడు బెజవాడ కాలువలలో పారునదంతయు కృష్ణనీరు కాదు. 2015 మొదలుకొని పట్టిసీమవద్ద గోదావరినీటిని యంత్రములతో ఎత్తి కాలువద్వారా ఇబ్రహీంపట్నముదాపున కృష్ణలో కలుపుచున్నారు. డెల్టాకు గోదావరినీరు చాలినంత మేర కృష్ణనీటిని ఎగువన శ్రీశైలమునుండి మెట్టసీమలకు మరల్చవచ్చునని ప్రభుత్వపు యోచన. మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి ప్రాంతములకు ఆ నీటిని తెచ్చుటకే పూల సుబ్బయ్యగారి పేర వెలిగొండ ప్రాజెక్టు తలపెట్టబడినది. దానికై నల్లమల కొండల క్రిందుగా ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు మించిన సొరంగములు రెండు త్రవ్వబడినవి. రెండవ సొరంగపు త్రవ్వకము 2024 మొదట ముగిసెను. నందన కరవుకును బెజవాడ యానకట్టకును నడుమ ఇరువదేండ్లు గడచెను. ధాత కరవు గడచి నూటనలుబదియేండ్లు మించినది. మన పడమటి సీమ పొలములు ఎంతకాలముగా వేచియున్నవో దీనినిబట్టి లెక్కించుకొనవచ్చును.

కావున విద్యార్థులారా, లెక్కలతరగతిలో వాలును, కొలతను, ఘనపరిమాణమును నేర్చుకొనునప్పుడు ఇవి పరీక్షకొఱకే యని తలపకుడు. మైలుకు ఎన్ని అంగుళముల వాలుండవలెనో తెలిసిన యొక మనుష్యునివలన లక్షల యెకరములు పచ్చనైనవి. మట్టిలెక్క తెలిసిన మఱియొక మనుష్యునివలన కరవులో వేలమంది బ్రదికిరి. తలిదండ్రులారా, మీ యూరి చెఱువునకు వచ్చు వాగును చెత్తతోను ఆక్రమణముతోను మూయనీయకుడు. వెలిగొండ నీరు మన పొలములకు వచ్చు దినమున, దానిని అందుకొనుటకు చెఱువులును పిల్లకాలువలును బాగుగా నుండవలెను. మన పూర్వులు తమకు పారని కాలువను త్రవ్విరి. మనకు పారబోవు కాలువను కాపాడుకొనుట వారియెడల మనకు గల ఋణము.